వంకాయకు ఏడ్చినవాళ్లు

నేను తీసిన సినిమాలో ముఖ్యపాత్ర ఒక చెక్క వంకాయ. ముందే చెప్పేస్తున్నాను. ఈ మాట వినగానే అందరూ నవ్వుతారు, నవ్వు అయిపోయాక మిగతాది చెప్పడం సులభం. మా ఊరి చర్చిలో కూడా నవ్వారు. తర్వాత ఏడ్చారు. ఆ ఏడ్చినవాళ్ల మీదే నా కోపం.

మా ఊరు చెన్నూరుకు ఇవతల, గోదావరికి దగ్గర. పేరు రాయను. అక్కడ పాత మిషన్ చర్చి ఒకటి ఉంది. దాని పక్కన పిల్లల హాస్టల్ ఉండేది. నేను అందులో పెరిగాను. నాకు ఊహ తెలియకముందే కన్న అవ్వ చనిపోయింది. బాపు మరమగ్గాల పనికి భివండి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఇది జాలి కోసం చెప్పడం లేదు, వివరం కోసం చెబుతున్నాను. హాస్టల్లో ప్రతి ఒక్కరికీ ఇలాంటి వివరం ఒకటి ఉండేది.

హాస్టల్లో వంట చేసే ఆమెను అందరం పెద్దవ్వ అనేవాళ్లం. భర్త పోయాక అత్తగారివాళ్లు ఉంచుకోలేదు, అన్నలు రమ్మనలేదు. అప్పటి పాస్టరుగారి భార్య తీసుకొచ్చి వంటగది అప్పజెప్పింది. వాచ్‌మన్‌ను తాత అనేవాళ్లం. ఆయనది భైంసా వైపు, మాటల్లో సగం మరాఠీ. ఆయన క్రైస్తవుడు కాదు. నుదుట బొట్టు లేకుండా నేను ఆయన్ని ఎన్నడూ చూడలేదు. ఏడాదికోసారి బాసరకు పోయి గోదావరిలో మునిగి వచ్చేవాడు, మిగతా ఏడాదంతా చర్చి గేటు కాసేవాడు. ఈ రెండింటికీ పొత్తు ఎట్లా కుదిరిందని అప్పట్లో ఎవరూ అడగలేదు. గేటుకు కావలి దొరికితే చాలు.

నేను పాలిటెక్నిక్‌లో చేరిన సంవత్సరం హాస్టల్ మూతపడింది. పైనుంచి సాయం ఆగింది, అనుమతులు మళ్లీ తెచ్చేవాళ్లు లేకపోయారు. మూసేరోజు మేనమామలు, చిన్నాయనలు, నాయనమ్మలు వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుపోయారు. సాయంత్రానికి వరండాలో నలుగురం మిగిలాం. పెద్దవ్వ, తాత, నేను, రెండో తరగతి చదివే ఒక ఆడపిల్ల. ఆ పిల్లను తీసుకుపోతానన్న అమ్మమ్మ రాలేదు. ఫోను చేస్తే స్విచాఫ్ వచ్చింది.

పెద్దవ్వ చాలాసేపు గేటు వైపు చూసి, కొంగు నడుముకు చుట్టుకుని లేచింది.

"ఇగ లేవుండ్రి. పొద్దుగూకుతుంది, పొల్లకు ఆకలైతుంది."

"ఏడికి పోదాం పెద్దవ్వా? వంటింటికి తాళమేసిండ్రు గద" అన్నాను.

"వంటిల్లు ఆళ్లది. వంట నాది. నడువు."

తాత తన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెనక నడిచాడు. ఆయనను రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు.

బస్టాండు రోడ్డులో రెండు గదులు కిరాయికి దొరికాయి. అదే మా ఇల్లయింది. పెద్దవ్వ ఇప్పుడు సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. తాత రైసుమిల్లుకు కావలి. నేను కరీంనగర్‌లో సీసీ కెమెరాలు బిగించే దుకాణంలో పనిచేస్తాను, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వస్తాను. ఆ పిల్ల తొమ్మిదో తరగతికి వచ్చింది. నన్ను అన్నా అనే ఈ చెల్లె లెక్కల పరీక్ష ముందర తప్ప నా మాట వినదు.

ఇక అసలు సంగతి. మా చర్చిలో క్రిస్మస్ ఉదయం ఆరాధనలో ఒక పద్ధతి ఉంది. అన్ని చర్చిల్లో ఉండదేమో, మా దగ్గర మాత్రం అది లేకుండా పండుగ కాదు. ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు ఒక్కొక్క ఇంటిపేరు చదువుతారు. ఆ ఇంటివాళ్లు ముసలివాళ్ల నుంచి చంటిపిల్లల దాకా లేచి ముందుకు పోయి మోకరిస్తారు. అయ్యగారు తలల మీద చెయ్యి పెట్టి ఆ కుటుంబం కోసం ప్రార్థన చేస్తారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లను కూడా వదలరు. వీడియో కాల్ పెట్టి ఫోను ఎత్తి పట్టుకుంటే అయ్యగారు ఆ ఫోను మీద కూడా చెయ్యి పెడతారు. నెట్టు సరిగా లేక ముఖం ఆగిపోయినా సరే, ఆ మనిషి కుటుంబంలో లెక్కే.

హాస్టల్ ఉన్న రోజుల్లో అన్ని ఇళ్లూ అయ్యాక "హాస్టల్ కుటుంబం" అని పిలిచేవారు. పెద్దవ్వ ముందు నడిచేది, మేమంతా ఆమె వెనక. ఏడాదంతా వంటింటి పొగలో ఎవరికీ కనబడని మనిషి ఆ కాసేపు చర్చి మధ్యలో నడిచేది. ఒకసారి వెనకనుంచి ఎవరో "అగో, కోడి పిల్లలను వేసుకొని బయలెల్లింది" అంటే, నడుస్తూనే తిరిగి "నీకేమన్న కుళ్లా?" అంది. అయ్యగారు కూడా నవ్వారు.

హాస్టల్ పోయాక ఆ పిలుపూ పోయింది. మొదటి క్రిస్మస్‌కు పెద్దవ్వ పిల్లకు రిబ్బన్లు కట్టి, చివరి దాకా ఎదురుచూసింది. ఆఖరి ఇంటిపేరు అయిపోయింది. ఆమె కొంచెం లేచి, మళ్లీ కూర్చుంది. ఆ లేవడం నేను చూశాను.

ఆరాధన అయ్యాక అడిగింది. అప్పటి అయ్యగారు "ఇంటిపేరు ఏమని చదవాలమ్మా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నలుగురం, నాలుగు ఇంటిపేర్లు, రెండు మతాలు. పక్కనే ఉన్న సంఘపెద్ద మాత్రం ప్రశ్న వేయలేదు, తీర్పు చెప్పాడు. ఎరువుల దుకాణం ఆయనది. మాట మెత్తగానే ఉంటుంది.

"పెద్దవ్వా, మీది కుటుంబం కాదు. ఒక్కకాడ ఉంటున్నరు, గంతే."

ఒక్కకాడ ఉండడం. పురుగుమందు డబ్బాలు కూడా ఆయన దుకాణంలో ఒక్కకాడే ఉంటాయి. పిల్లకు టైఫాయిడ్ వస్తే మంచిర్యాల ఆసుపత్రిలో తాత మంచం కింద పడుకున్నాడు. నా డిప్లొమా సర్టిఫికెట్ వచ్చినరోజు పెద్దవ్వ దాన్ని తలకిందులుగా పట్టుకుని వీధంతా చూపించింది. ఇవన్నీ రాసిస్తే ఏ శీర్షిక కింద పెట్టేవారో నాకు తెలియదు. ఆ తర్వాత పెద్దవ్వ మళ్లీ అడగలేదు. అడగడం మానేసింది గానీ ప్రతి క్రిస్మస్‌కూ ఆఖరి పేరు దాకా నిటారుగా కూర్చునేది.

రెండేళ్ల కింద బదిలీ మీద కొత్త అయ్యగారు వచ్చారు. చదువుకున్న మనిషి, మెతక మనిషి. మొన్నటి వర్షాలు తగ్గాక నన్ను పిలిచారు. ప్రతి సంవత్సరం పిల్లలతో యేసు పుట్టుక నాటకం వేయిస్తారు. ఈసారి గొర్రెల కాపరులుగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోవడం లేదట, అందరికీ దేవదూత రెక్కలే కావాలట. సంఘానికి ప్రొజెక్టరు కూడా కొత్తగా వచ్చింది. "నువ్వు కంప్యూటర్ తెలిసినవాడివి. ఏదైనా బొమ్మల సినిమా చెయ్యి బాబూ" అన్నారు.

బొమ్మలు గియ్యడం నాకు రాదు. నాకు వచ్చింది కెమెరాను కదలకుండా బిగించడం. కాబట్టి ఉన్న బొమ్మలనే కొద్దికొద్దిగా జరుపుతూ ఫొటోలు తీసి, వాటిని వరసగా నడిపిద్దామనుకున్నాను. హాస్టల్ మూసేటప్పుడు తాత ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. ఎవరో ఎప్పుడో నిర్మల్ నుంచి తెచ్చిచ్చిన పొనికి చెక్క బొమ్మలు, పిల్లల చేతుల్లో నలిగి మిగిలినవి. తొడిమె విరిగిన వంకాయ, ఒక చెయ్యి లేని సిపాయి, మూడు కాళ్ల జింక. వంకాయతో చిన్నప్పుడు మేం ఇల్లాట ఆడేవాళ్లం, అదెప్పుడూ అమ్మే.

కథ నేనే రాశాను. బొమ్మల దుకాణం. పండుగ ముందురోజు. మంచి బొమ్మలన్నీ సెట్లు సెట్లుగా డబ్బాల్లోకి పోతాయి. ఈ మూడు మాత్రం బల్ల కింద పడి ఉంటాయి. దుకాణం మూసే లోపల ఏదో ఒక డబ్బాలో చోటు దొరకాలి, లేకపోతే పొద్దున చెత్తలోకే. ఒక్కో డబ్బా దగ్గరికి పోయి తలుపు కొట్టినట్టు కొడతాయి. లోపలినుంచి ఒకటే ప్రశ్న: "మీరు ఏ సెట్టు?" ఆఖరికి డబ్బా లేని ఒక మూత దొరుకుతుంది. దాన్ని తిరగేసి అందులో కూర్చుంటాయి. అంతే. నక్షత్రం లేదు, దూతలు లేరు, ఎవరూ పుట్టరు.

మా వంటగది అరుగే దుకాణం. కిటికీకి దుప్పటి కట్టి, ఒక్క బల్బు వెలుగులో తీసేవాణ్ణి. వ్యవసాయ మోటర్లు నడిస్తే వోల్టేజీ పడిపోయి బొమ్మ మీద వెలుగు మారుతుంది, అందుకని ఇన్వర్టరు తెచ్చి పెట్టాను. నియమాలు చెప్పాను. అరుగు ముట్టొద్దు. బల్బు జరపొద్దు. బొమ్మలను నేను, చెల్లె తప్ప ఎవరూ తాకొద్దు. గొంతులు మాత్రం అందరివీ. వంకాయకు పెద్దవ్వ, సిపాయికి తాత, జింకకు చెల్లె.

తాతకు సందేహాలు తీరలేదు.

"అరే బాబా, గీ వంకాయకు కాళ్లే లేవు. ఎట్ల నడుస్తది?"

"దొర్లుతది తాతా."

"దొర్లితె తల తిరుగదా?"

"తల ఉంటె గద తిరిగేది" అంది చెల్లె.

"తల లేకుంటె ముచ్చట ఎట్ల పెడ్తది?"

"నీకు పండ్లు లేవు, నువ్వు పెడ్తలేవా?"

"బగ్, బగ్, ఎట్ల మాట్లాడుతుందో చూడు" అని తాత పెద్దవ్వకు చాడీ చెప్పాడు. పెద్దవ్వ కూర తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "నిజమే గద."

సగం సినిమా అయ్యాక ఒక శనివారం వచ్చి చూస్తే వంకాయ మెరుస్తోంది. మట్టిరంగుకు తిరిగిన పాత బొమ్మ నిగనిగలాడుతోంది. అప్పటికి తీసిన ఫొటోలన్నిటిలో అది మసకగా ఉంది. ఇప్పుడు దాని తర్వాతి ఫొటో తీస్తే ఒక్క క్షణంలో వేరే వంకాయ అయిపోతుంది. ఇన్ని వారాల పని. నేను అరిచాను.

"ఎవలు ముట్టిండ్రు దీన్ని?"

"నేనే" అంది పెద్దవ్వ, ఏమీ కానట్టు. "దుమ్ము పట్టింది. మంచినూనె గుడ్డతోటి తుడిచిన. పండుగకు నలుగురి ముందటికి తోలుతున్నవు, మొఖం తుడువకుంట తోలుతరా ఎవలన్న?"

సబ్బుతో కడిగినా ఆ మెరుపు పోలేదు. చివరికి అట్లాగే తీశాను. సినిమాలో సరిగ్గా మూడో డబ్బా "పొండి" అన్నాక వంకాయ వెలిగిపోవడం మొదలుపెడుతుంది. ఎందుకో సినిమా చెప్పదు.

పండుగకు ముందు అయ్యగారి గదిలో లాప్‌టాప్ మీద చూపించాను. సంఘపెద్ద కూడా వచ్చాడు. చూసినంతసేపు బాగానే ఉన్నాడు.

"బొమ్మలు మంచిగున్నయ్ తమ్మీ. గని యేసుప్రభువు ఏడి?"

"ఆయన పుట్టే రాత్రి తల్లికి సత్రంలో చోటు దొరకలేదు గద. ఆ సంగతే ఇది."

"చోటు దొరకలే, గని పుట్టిండు గద! ఇందుల ఎవలు పుట్టిండ్రు?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఆయన ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఆఖరుకు ఒక డబ్బా తెరుసుకోవాలె. రండి లోపలికి అనాలె. పండుగపూట జనం సంబురంగ ఇండ్లకు పోవాలె గద."

"డబ్బా తెరుచుకుంటె ఆళ్లు ముగ్గురు ఒకటయ్యేదే లేదు. నేను మార్చను."

అయ్యగారు మధ్యలోకి వచ్చి "ఉండనివ్వండి, పిల్లవాడు కష్టపడ్డాడు" అన్నారు. సంఘపెద్ద తల ఊపి, "ఆ వంకాయ వెలుగు మాత్రం మస్తు పెట్టినవు. దేవుని మహిమ అన్నట్టు, కాదా?" అన్నాడు.

మంచినూనె అని చెప్పలేదు. ఆయనకు అది మహిమగానే ఉండనిచ్చాను.

ఇరవై నాలుగో తేదీ సాయంత్రం చర్చి గోడ మీద సినిమా వేశాం. కుర్చీలు చాలక చాపలు పరిచారు. పెద్దవ్వ గొంతు వినగానే మొదటి నవ్వు వచ్చింది, సిపాయి మరాఠీ యాసకు చర్చి మొత్తం ఊగిపోయింది. "మన వాచ్‌మనే! మన వాచ్‌మనే!" అని పిల్లలు కేకలు వేశారు. అంటే అందరూ గుర్తుపట్టారు. ఏ గొంతు ఎవరిదో, ఆ గొంతులవాళ్లు ఏ ఇంట్లో ఉంటారో ఆ హాల్లో తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. ఇది గట్టిగా రాసుకుంటున్నాను. తెలియక చేశామని రేపు ఎవరైనా అంటే ఒప్పుకోను.

నాలుగో డబ్బా దగ్గర నవ్వులు తగ్గాయి. "సెట్టు కానిదానికి డబ్బా ఉండదు" అనే మాట దగ్గర పూర్తిగా ఆగాయి. ఆఖర్న మూడూ మూతలో కూర్చున్నాక వంకాయ అంటుంది: "జెర జరిగి కూసోండ్రి. ఇంకెవలన్న అస్తె చోటు కావాలె." సినిమా అక్కడితో అయిపోతుంది. దీపాలు వేసేసరికి ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. సంఘపెద్ద భార్య ముక్కు చీదుతోంది. సంఘపెద్ద మైకు దగ్గరికి పోయాడు. ఆయన గొంతు కూడా బొంగురుపోయింది, అబద్ధం చెప్పను.

"మన సంఘంల ఎవ్వలు గూడ డబ్బా లేకుంట ఉండొద్దు" అన్నాడు.

చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను.

జనం పోయాక అయ్యగారి దగ్గరికి వెళ్లి అడిగాను. "రేపు మా ఇంటివాళ్లను పిలవండి అయ్యగారూ. నలుగురినీ."

"తప్పకుండా ప్రార్థన చేస్తాను బాబూ."

"ప్రార్థన కాదు. పిలవండి."

ఆయన వైర్లు చుడుతున్న నా చేతుల వైపు చూశారు. "ఇంటిపేరు..."

"పెద్దవ్వది చదవండి."

"అది ఆమె అత్తగారి ఇంటిపేరు కదా. ఆ ఇంటివాళ్లు మూడో బెంచీలో కూర్చుంటారు. వాళ్లు ఊరుకుంటారా?"

ఊరుకోరు. ఆమెను ఇంట్లోంచి పంపినవాళ్లకు పేరు మీద హక్కు ఉంది. "అయితే పేరు లేకుండా పిలవండి" అన్నాను. ఆయన "చూద్దాం" అన్నారు.

నేను ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను, అయ్యగారు చూద్దామన్నారని. చెల్లె ఎగిరి గంతేసింది. పెద్దవ్వ పెట్టె తెరిచింది. ఒకే తానులోంచి ఆకుపచ్చ గళ్ల బట్ట, నాకూ తాతకూ చొక్కాలు, చెల్లెకు గౌను, తనకు రవిక. ఎప్పుడు కుట్టించిందో మాకు తెలియదు. ఊళ్లో కలిగిన కుటుంబాలు పండుగకు అట్లా ఒకే బట్ట వేసుకుని వస్తాయి.

పొద్దున తాత అద్దం ముందు నిలబడి అడిగాడు. "బొట్టు తుడుచుకోవాల్నా? చర్చిల ముందటికి పోవుడు గద."

"ఎందుకు?" అంది పెద్దవ్వ. "ఇన్నేండ్లు గా బొట్టు తోటే గేటు కాసినవు. అప్పుడు దేవునికి కనబడలేదా?"

ఆరాధన మొదలైంది. ప్రసంగం అయింది. ఇంటిపేర్లు మొదలయ్యాయి. మూడో బెంచీవాళ్లు లేచారు. పెద్దవ్వ మరిది మనవడు దుబాయ్‌లో ఉంటాడు, ఫోను ఎత్తి పట్టుకున్నారు. తెర మీద ముఖం కూడా లేదు, గుండ్రంగా తిరుగుతున్న గుర్తు ఒక్కటే ఉంది. అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టారు. పెద్దవ్వ చూస్తోంది. నేను ఆమెను చూస్తున్నాను.

ఆఖరి పేరు అయిపోయింది. అయ్యగారు కాగితం మడిచారు. మా వైపు చూడలేదు. సంఘపెద్ద మైకు తీసుకున్నాడు.

"ఇప్పుడు సంఘంల ఉన్న విధవరాండ్రు ముందటికి రావాలె."

పెద్దవ్వ కదల్లేదు.

"సండేస్కూల్ పిల్లలు, తల్లిదండ్రులు లేనోళ్లు, రండి బిడ్డా."

చెల్లె పెద్దవ్వ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"మన మధ్యకు వచ్చిన అన్యమత సోదరులకు గూడ స్వాగతం." తాత చుట్టూ చూశాడు, ఎవరినా అని.

"ఇగ మనకు ఇంత మంచి సినిమా చూపించిన తమ్మునికి శాలువ. రా తమ్మీ!"

అప్పుడు నాకు అర్థమైంది. మమ్మల్ని మరిచిపోలేదు. ముందురోజు సాయంత్రం తర్వాత కూర్చుని ఆలోచించారు. ఆలోచించి నలుగురినీ నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కరికీ ఒక్కో మర్యాద ఏర్పాటు చేశారు. విధవరాలు, అనాథ, అన్యుడు, కళాకారుడు. ఎవరికీ తక్కువ చేయలేదని వాళ్లు అనుకుంటున్నారు. డబ్బా తెరవడమంటే వాళ్ల దృష్టిలో ఇదే.

నేను లేచి నిలబడ్డాను, ముందుకు పోలేదు.

"మా ఇంటోళ్లను పిలువుండ్రి, అస్త."

"మీ ఇంటోళ్లు అంటె?" అన్నాడు సంఘపెద్ద. నిజంగానే అడిగాడు.

"నిన్న ఎవల గొంతులు విని ఏడ్చిండ్రో ఆళ్లు."

ఎవరో "పండుగపూట లొల్లి ఎందుకు బిడ్డా" అన్నారు. ఇంకెవరో "శాలువ ఇస్తె గూడ కోపమేంది, గీ కాలం పోరగాండ్లు" అన్నారు. అయ్యగారు బైబిలు అట్ట నిమురుతున్నారు. తాత చెప్పుల కోసం కాలితో వెతుకుతూ లేచాడు.

"నా వల్లనే గీ పరేషాన్. నేను బయట కూసుంట, మీరు పోండ్రి. అసూ దే, ఏం గాదు."

పెద్దవ్వ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "నువ్వు బయట కూసుంటె మేము ముగ్గురమైతం. కూసో." తర్వాత ముందుకు చూసి, గొంతు పెంచకుండా అంది. "అయ్యగారూ, మీకు పిలువబుద్ధి కాకుంటె పిలువకుండ్రి. గని గిట్ల ఏరకుండ్రి. బియ్యంల రాళ్లు ఏరినట్టు ఏరిండ్రు మమ్ముల."

మేం ముగింపు దీవెన దాకా ఉన్నాం. లేచిపోదామని నేనన్నాను, ఆమె ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం అన్నాలు తింటుంటే అయ్యగారు ఒక్కరే వచ్చారు. పెద్దవ్వ కుర్చీ తుడిచి వేసి, పళ్లెంలో బగారన్నం, కోడికూర పెట్టింది. ఆయన రెండు ముద్దలు తిని ఆపారు.

"అమ్మా, నాకు బాధగా ఉంది. ఇప్పుడు మీ నలుగురి కోసం ఇక్కడే కుటుంబ ప్రార్థన చేస్తాను. నలుగురూ కలిసి మోకరించండి."

నేను పెద్దవ్వ ముఖం చూశాను. ఇన్నేళ్లు ఆమె కోరింది అదే. ఆ మాట కోసం ప్రతి పండుగకూ నిటారుగా కూర్చుంది. చెల్లె అప్పటికే సగం మోకరించింది.

"వద్దయ్యగారూ" అంది పెద్దవ్వ.

"ఎందుకమ్మా?"

"ఇంట్ల ప్రార్థన నేను రోజు చేస్తనే ఉన్న. దేవుడు వింటలేడని కాదు నా బాధ. ఆయనకు మేము నలుగురం ఒక్కటేనని తెల్సు. తెల్వంది మందికి. మందిల పిలిస్తెనే అస్తం."

"కమిటీ ఒప్పుకోవాలి. నాకు ఒక్కడికే అధికారం లేదు."

"దుబాయ్ ఫోను మీద చెయ్యి వెట్టినప్పుడు కమిటీని అడిగిండ్రా?"

ఆయన ముఖం ఎర్రబడింది. పెద్దవ్వ పళ్లెం ఆయన వైపు జరిపింది. "తినుండ్రి. కోపం కూర మీద లేదు."

ఆయన మొత్తం తిన్నారు. వెళ్తూ తాతకు నమస్కారం పెట్టారు. మంచివాడే. మంచివాళ్ల మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ చర్చిలో చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ మంచివాళ్లే. అంత మంచితనం కలిసి నాలుగు జతల మోకాళ్లకు చోటు చూపించలేకపోయింది.

జనవరిలో కమిటీ కూర్చుంది. విషయం ఆలోచించదగినదే గానీ ఇట్లాంటిది ఒకటి మొదలుపెడితే రేపు ఇంకెవరెవరో వస్తారని, కాబట్టి వచ్చే సంవత్సరం చూడాలని తేల్చారు. ఇంకెవరెవరో వస్తారు. ఆ మాట రాసినవాళ్లు సినిమా ఆఖరు మాట విని ఏడ్చినవాళ్లే.

సినిమా మాత్రం ఫోన్లలో తిరుగుతోంది. మొన్న కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో కెమెరా బిగిస్తుంటే యజమాని నిచ్చెన కిందనుంచి ఫోను చూపించాడు. "తమ్మీ, గీ వంకాయ సినిమా చూసినవా? కండ్లల్ల నీళ్లు తిరుగుతయి." చూశానన్నాను. ఎవరు తీశారో చెప్పలేదు. చెబితే ఈయన కూడా శాలువ తెచ్చేవాడు.

ఆ ఆదివారం నేను చర్చికి రానని చెప్పాను. పడుకుని గోడవైపు తిరిగాను. పెద్దవ్వ దుప్పటి లాగేసింది.

"నువ్వు రాకుంటె ఎవలకు నష్టం? ఆళ్లకు నిమ్మళమే. వచ్చే ఏడు కమిటీల ఏమంటరు? ఆ పోరడు రానే రాడు, ముసలోడు మన మతం కాదు, మిగిలింది ఇద్దరు ఆడోళ్లు అంటరు. ఇంకింత సులువుగ ఏరుతరు."

"నాకు ప్రార్థన చెయ్యబుద్ధి అయితలేదు పెద్దవ్వా. అక్కడ కూసుంటె కోపమే అస్తుంది."

"కోపంతోటే రా. కోపమున్నోళ్లు రావద్దని బోర్డు పెట్టిండ్రా? తాత చూడు, ఒక్క ముక్క అర్థం గాకున్న తయారై కూసున్నడు."

తాత గడప దగ్గర నిజంగానే తయారై కూర్చుని ఉన్నాడు. "ప్రసంగంల మంచి నిద్ర పడ్తది" అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పోతున్నాం. వెనక కూర్చోం. మూడో బెంచీకి ముందు, రెండో బెంచీలో, వరసగా నలుగురం. సంఘపెద్ద కానుకల సంచి తిప్పేటప్పుడు మా దగ్గర ఒక్కొక్కరి ముందూ ఆగాలి. నేను ఆయన కళ్లలోకి చూస్తాను. ఆయన సంచిలోకి చూస్తాడు. పాటలు పాడను, ఆమేన్ అనను. తాత గురక పెడితే మోచేత్తో పొడవను, పెట్టనిస్తాను.